పందికొక్కులు తాగిన గాలి

ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అంటే మన పందికొక్కేనని, ఆ మాట తెలుగు నేల మీది నుంచే వాళ్ల నోటికి ఎక్కిందని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. తెలిసిన సందర్భం మాత్రం గొప్పగా చెప్పుకునేది కాదు. ఒక విచారణకు వాంగ్మూలం రాయించుకోవడానికి ఆఫీసులో కూర్చున్నప్పుడు తెలిసింది. గనుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను కలిసి, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి చెప్పమంటారు. ఏదో ప్రమాదంలో పదిమందిని కాపాడిన కథ వస్తుందని వాళ్ల ఆశ. నా దగ్గర అలాంటిది లేదు. ఉన్నది ఈ పందికొక్కుల కథ ఒక్కటే. ఇందులో నా వేషం అంత బాగుండదు.

మాది గోదావరిఖని దగ్గర ఒక పాత భూగర్భ గని. నేను వెంటిలేషన్ సెక్షన్‌లో ఓవర్‌మన్‌ని. సూటిగా చెప్పాలంటే గాలి కొలిచేవాణ్ని. గనిలోకి రెండు సొరంగాలు ఏటవాలుగా దిగుతాయి. ఒకదాంట్లోంచి మనుషులు దిగుతారు, మంచిగాలి దిగుతుంది. రెండోదాని ముఖానికి గోడ కట్టి మూసేసి, పక్కనుంచి ఇటుకలతో మనిషెత్తు కాలువ కట్టి, దాని చివర పెద్ద ఫ్యాను పెట్టారు. ఆ ఫ్యాను లోపలి చెడుగాలిని గుంజి పొగగొట్టంలాంటి దాంట్లోంచి బయటికి ఊదుతుంది. అది అలా గుంజుతున్నంత సేపు మొదటి సొరంగంలోంచి మంచిగాలి లోపలికి పోతూ ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా చిల్లు పడిందంటే ఫ్యాను బయటి గాలినే గుంజి బయటికే ఊదుతూ కూర్చుంటుంది. లోపలి మనిషికి అందదు. ఈ కథకు ఇంత తెలిస్తే చాలు.

ఆ ఎండాకాలం దూరపు ఫేసుకు గాలి తగ్గడం మొదలైంది. ఫేసు అంటే బొగ్గు తీసే చోటు. అక్కడికి పోవాలంటే మాన్‌రైడింగ్ అనే మనుషుల బండి దిగాక కూడా అరగంట నడక. వారం వారం నేను చిన్న రెక్కల మీటరు పట్టుకుని కొలుస్తుంటే, ప్రతిసారీ కిందటిసారి కంటే తక్కువే వచ్చేది. ఫ్యాను దగ్గర కొలిస్తే మాత్రం ఎప్పటి లెక్కే. అంటే ఫ్యాను తన పని తాను చేస్తోంది, గాలి దారిలో ఎక్కడో మాయమవుతోంది. ఫేసులో వాళ్లు అంగీలు విప్పి పని చేసేవారు. ఒక రోజు ఒకతను కళ్లు తిరిగి కన్వేయర్ పక్కన కూలబడితే నలుగురు మోసుకొచ్చారు. నేను పోయినప్పుడల్లా అందరూ చుట్టూ చేరేవారు.

"గాలి సారొచ్చిండు. సంచిల ఏమన్న తెచ్చినవా సార్ మాకు?" అని ఒకరు, "మీటరు కొలుసుడు గాదు, మీటరుకున్న ఫ్యాను గిట్ల మాదిక్కు తిప్పు" అని ఒకరు. ఎగతాళి చేసేవారు గానీ వాళ్ల కళ్లు ఎర్రగా ఉండేవి.

లోపల ఉన్న అడ్డుగోడలన్నీ వెతికాను. బీటలు కనిపించినచోటల్లా సిమెంటు పూయించాను. తలుపులు, పరదాలు మార్పించాను. ఏమీ ఫలితం లేదు. మా వెంటిలేషన్ ఆఫీసరు వయసులో చిన్నవాడు, మంచివాడే. "మీ మీటరు పాతదైపోయిందేమో చూడండి" అన్నాడు. మీటరుతో పాటు నేనూ పాతబడ్డానని అతని ఉద్దేశం. పై గ్రేడు ప్రమోషన్ ఇంటర్వ్యూ నాకు ఆ నెలలోనే ఉంది. సర్వీసులో అదే ఆఖరి అవకాశం. అందుకే నోరు మూసుకుని మీటరు పరీక్షకు పంపించాను. మీటరు బాగానే ఉందని తిరిగొచ్చింది.

ఇక్కడ మా గని అలవాటు ఒకటి చెప్పాలి. భూగర్భంలో ఎలుకను ఎవరూ చంపరు. కప్పు కూలబోతే మనకంటే ముందు దానికి తెలుస్తుందని, అది పరుగెడితే మనమూ పరుగెత్తాలని పెద్దవాళ్లు నేర్పిన మాట. తినేటప్పుడు ఒక ముద్ద దానికి పక్కన పెడతారు. గనిలోకి తెచ్చుకున్న సద్ది మిగిలితే ఇంటికి తిరిగి తీసుకుపోరు. పైకొచ్చాక ఫ్యాను హౌసు వెనక గడ్డిలో కుమ్మరించి, టిఫిన్ డబ్బా అక్కడి నల్లా దగ్గరే కడుక్కుంటారు. మూడు షిఫ్టుల అన్నం, ఏళ్ల తరబడి. ఇక పందికొక్కులకు ఏం తక్కువ? పిల్లి సైజుకు పెరిగాయి. శానిటేషన్ వాళ్లు రెండుసార్లు మందు పెట్టబోతే మా పెద్ద కార్మికులు అడ్డం తిరిగారు. లోపలి ఎలుకైనా బయటి పందికొక్కైనా గని మీద బతికే జీవమేనని, మందు పెట్టొద్దని గొడవ చేశారు. మందు డబ్బాలు స్టోర్‌కు తిరిగిపోయాయి.

ఆ రోజుల్లో ఫ్యాను హౌసు చుట్టూ గడ్డి కోసే పని మీద ఒక బదిలీ కార్మికుణ్ని, అంటే పర్మినెంటువాళ్లు రాని రోజుల్లో పనికి పిలిచే మనిషిని, వేశారు. కమాన్‌పూర్ వైపు పల్లె అతనిది. ముప్పై ఏళ్లుంటాయి. తండ్రి గనిలో పనిచేసి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం ఇతనికి వచ్చింది. ఇంకా పర్మినెంటు కాలేదు. ఏడాదిలో ఇన్ని మస్టర్లు, అంటే హాజర్లు, పడాలని లెక్క ఉంటుంది. ఆ ఏడు అతనికి ఇంకా కొన్నే తక్కువ. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి పొలాల్లో ఎలుకలు, పందికొక్కులు పట్టే పని కూడా ఉంది. వరి కోతలకు ముందు రైతులు పిలిపించుకునేవారట. మనిషి మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఒక పొద్దున నేను మొదటి షిఫ్టుకు దిగబోతుంటే అతను వెనక నుంచి పిలిచాడు.

"సార్, ఒకసారి జర ఇటు రాండ్రి. గా పందికొక్కు బొక్కలు గాలి గుంజుతున్నయ్."

"బొక్కలు గాలి గుంజుడేంది?"

"నాకు గూడ ఎరుకలేదు సార్. చిన్నప్పటిసంది బొక్కలు చూస్తున్న, గిట్ల ఎన్నడు చూడలె. చూడుండ్రి." గడ్డిలో ఉన్న ఒక బొక్క ముందు ఎండుటాకు పెట్టి వదిలాడు. ఆకు లోపలికి పోయింది.

మూడు నెలలుగా నేను భూమి కింద వెతుకుతున్న గాలి దొంగ ఇక్కడ గడ్డిలో ఉన్నాడు. ఆ బొక్కకూ ఇటుకల కాలువకూ మధ్య పాతిక అడుగులు కూడా లేదు. ఇవి ఎటు పోతున్నాయో తెలుసుకోవచ్చా అని అడిగాను.

"పొగ పెడితె తెలుస్తది సార్. ఎన్ని మూతులున్నయో అన్నిట్లకెల్లి పొగ లేస్తది."

"అయితే పెట్టు."

"పైవోళ్లకు చెప్పాల్నా సార్?"

మాన్‌రైడింగ్ బెల్లు కొట్టారు. నేను దిగకపోతే మళ్లీ గంట దాకా లేదు. "రేపు చెప్దాం. ముందు నువ్వు చూడు," అని పరుగెత్తాను.

ఇప్పుడు ఆ మాటను తూకం వేసి చూడండి. ఫ్యాను హౌసు దగ్గర అగ్గిపుల్ల గీయాలన్నా మేనేజరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఫ్యాను ఆపరేటరుకు చెప్పాలి. ఇవి నేనే ట్రైనింగు సెంటరులో కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాణ్ని. కానీ ఆ నిమిషంలో నాకు నిప్పు కనబడలేదు, పందికొక్కే కనబడింది. పొలం గట్టు మీద చేసే పనికి పర్మిట్ ఏమిటి అనిపించింది. అంతకంటే అసలు సంగతి ఒకటుంది. ఆ దొంగను నేనే పట్టుకుని, రేపు ఆఫీసరు ముందు పెట్టాలని మనసులో ఉబలాటం.

పదకొండు గంటల వేళ నేను దూరపు ఫేసులో ఉండగా ఫోను మోగింది. ఫ్యాను నుంచి పొగ వస్తోంది, అందరూ వెంటనే పైకి రావాలి. మా బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకునే రకం. ఫ్యానులోంచి పొగ అంటే మాకు ఒకే అర్థం. లోపల ఎక్కడో నిప్పు ఉంది.

ఎవరూ అరవలేదు. పనిముట్లు ఉన్నచోటే వదిలేసి నడక మొదలుపెట్టారు. ముందు ఒక పెద్దాయన దమ్ముతో బాధపడుతుంటే ఇద్దరు చంకల కింద చేతులు వేసి నడిపించారు. నేను చివరన నడుస్తూ జనాన్ని లెక్కపెడుతున్నాను. నిజం చెబుతున్నాను, ఆ అరగంటలో నాకు పొద్దుటి మాట గుర్తు రాలేదు. భయం ఒక్కటే ఉంది. ఎటు నుంచి పొగ కమ్ముకొస్తుందోనని ముక్కు పైకెత్తి వాసన చూస్తూ నడిచాను. వాసన ఏమీ లేదు.

పైకొచ్చేసరికి అంబులెన్సు, రెస్క్యూ వాళ్ల బండి, గేటు బయట ఆడవాళ్లు. కబురు ఎలా పాకిందో గానీ కాలనీ కదిలి వచ్చింది. ఒకామె తన మనిషి కనబడగానే ఏడవలేదు, చేతిలో ఉన్న చెప్పు విసిరికొట్టింది అతని మీదికి, అంతసేపు పైకి రానందుకు.

రెస్క్యూ వాళ్లు ఫ్యాను దగ్గర పరీక్షిస్తే కార్బన్ మోనాక్సైడ్ చూపించింది. నిప్పున్నచోట వచ్చే విషవాయువు అది. మేనేజరు ముఖం తెల్లబోయింది. ముఖానికి ఆక్సిజన్ తొడుగులు వేసుకుని ఇద్దరు గోడలోని తలుపు గుండా రెండో సొరంగంలోకి దిగి, అడుగున కొలిచి పైకి ఫోను చేశారు. అక్కడ సున్నా.

"లోపల సున్నా. ఫ్యాను కాడికొస్తె ఉన్నది. ఏంది కథ?" అన్నాడు మేనేజరు.

అప్పుడు గాలి మా వైపు తిరిగింది. ఆ పొగలో ఎండు మిరపకాయల ఘాటు ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు తుమ్మడం మొదలుపెట్టారు. బొగ్గు రాజుకుంటే మిరపకాయల వాసన ఎక్కడిది? నాకు పొద్దుటి మాట గుర్తొచ్చింది. పందికొక్కులకు పెట్టే పొగకుండలో వరిగడ్డితో పాటు మిరపకాయలు వేస్తారు.

అంతలో సెక్యూరిటీ వాళ్లు అతణ్ని రెండు రెక్కలు పట్టి తీసుకొచ్చారు. ముఖమంతా మసి. చేతిలో అడుగున చిల్లున్న మట్టికుండ. మామూలుగా ఆ చిల్లులోంచి నోటితో ఊదాలి, దవడలు నొప్పి పుట్టేదాకా ఊదితే గానీ పొగ బొక్కలోకి పోదు. ఆ రోజు అతను ఊదనే లేదట. కుండ ఆనించగానే బొక్క తనంతట తానే పొగను లాగేసుకుంది. బయట ఒక్క మూతిలోంచీ పొగ లేవలేదు. ఇదేందో చూద్దామని మళ్లీ గడ్డి నింపాడు, మళ్లీ నింపాడు.

"నిప్పు ఎవడు పెట్టమన్నడురా?" అన్నాడు మేనేజరు.

అతను నన్ను చూడలేదు. నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. "ఎవరు చెప్పలె సార్. పందికొక్కుల కోసం నేనే పెట్టిన."

ఆ నిమిషం నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఇంత గోల మీద చెప్పేకంటే విచారణలో నెమ్మదిగా చెబుదాం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సాయంత్రానికి అతణ్ని సస్పెండు చేశారు. నాలుగు రోజుల తర్వాత విచారణ అన్నారు. గనిని ఆపి, షిఫ్టు మనుషులందరినీ వెనక్కి రప్పించిన నేరం. బదిలీ కార్మికుడికి అంతటితో కథ ముగిసినట్టే. రెండో రోజు నుంచి గని మామూలుగా నడిచింది.

మూడో రోజు నా వాంగ్మూలం టైపు చేయించుకోవడానికి మేనేజరు ఆఫీసులో పెద్ద క్లర్కు దగ్గరికి పోయాను. క్రైస్తవ కుటుంబం వాళ్లది, తాత కాలం నుంచి గనుల్లోనే ఉన్నారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. మిగతా రోజుల్లో డిక్షనరీ చదువుతాడు. నేను పందికొక్కులను 'బిగ్ ర్యాట్స్' అని చెబితే ఆయన ఆగి, 'బ్యాండికూట్' అని కొట్టాడు.

"ఇదేం మాట?"

"మన మాటనే అన్నా. పందికొక్కు. పొరపాటు గాదు, నిజంగనే మనదే. పాతకాలం దొరలు మన దిక్కు ఈ జంతువును చూసిండ్రు, మనోళ్లు ఏమంటుండ్రో విన్నరు, నోటికి వచ్చినట్టు రాసుకున్నరు."

కొక్కు అంటే ఎలుకకు పాత పేరని, మన పల్లెల్లో ముసలివాళ్లు ఇప్పటికీ ఉత్త కొక్కు అనే అంటారని ఆయన చెప్పాడు. మరి పంది ఎందుకు? మూలకు తరిమితే పందిలా గుర్రుమంటుంది, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుస్తుంది, నేల కుళ్లగిస్తుంది. విన్నవాళ్లు, చూసినవాళ్లు పెట్టిన పేరు అది. మనకేమో తిట్టడానికి తప్ప గుర్తు రాదు. ఎవడైనా అడ్డంగా మెక్కితే పందికొక్కులా తింటున్నాడంటాం.

"ఇంకో తమాష విను," అన్నాడు. "అదే మాటను దొరలు ఓడల వెంట ఆస్ట్రేలియాకు తీస్కపోయిండ్రు. ఆడ పొడుగుమూతి జంతువొకటి కనవడ్డది. అది ఎలుక జాతే గాదు, కంగారు లెక్క పొట్టకు సంచుంటది. గానీ చూడ్డానికి అట్లనే అనిపిచ్చిందేమో, దానిక్కూడ ఇదే పేరు తగిలిచ్చిండ్రు. ఆడ ఉన్నోళ్లు దాన్ని ఏమంటరో అడిగినట్టు లేదు. ఇప్పుడు రెండు జీవాలకు ఒకటే పేరు, అది గూడ మనది."

నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగు రోజుల్లో అదొక్కసారే నవ్వాను. తర్వాతి వాక్యం చెప్పాను. 'ఈ పని వెంటిలేషన్ సెక్షన్‌కు తెలియకుండా జరిగినది.'

ఆయన వేళ్లు ఆగాయి. పొగ పెట్టిన రోజు పొద్దున నేనూ గడ్డి కోసే అతనూ మాట్లాడుకున్నది ఆయన విన్నాడో, ఎవరైనా చెప్పారో, నా ముఖమే చెప్పిందో తెలియదు. కీబోర్డు నా వైపు జరిపాడు.

"ఈ లైను నేను కొట్ట అన్నా. కొట్టుకునేదుంటె నువ్వే కొట్టుకో. నేను చాయ్ తాగొస్త."

ఆయన పోయాక కీబోర్డు ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకు ఒక వేలుతో టైపు చేయడం వచ్చు. చేయలేదు. అలాగని నిజమూ రాయలేదు. ఆ వాక్యం ఉండాల్సినచోట ఏమీ లేకుండా సంతకం పెట్టి ఇచ్చేశాను. పిరికితనంలో కూడా రకాలుంటాయి, నాది అది.

విచారణలో ముగ్గురు అధికారులు కూర్చున్నారు. పక్క గనికి కొత్త యంత్రం బిగించడానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన, గాలి విషయాలు తెలిసినవాడని, ఆయన్నీ పిలిచారు. క్లర్కు పక్కన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతున్నాడు. కమాన్‌పూర్ అతను ఉతికిన అంగీ వేసుకుని నిలబడ్డాడు. బొక్కలు ఫ్యాను కాలువలోకే పోతున్నాయని, అందుకే పొగ గుంజిందని ఉన్నదున్నట్టు చెప్పాడు. అధికారుల్లో ఒకాయన నవ్వాడు. పొగ గోడ బీటల్లోంచి పోయి ఉంటుంది, చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి పందికొక్కుల మీద పెడుతున్నావన్నాడు. అంత మందం ఇటుక గోడను జంతువు తొలుస్తుందా అన్నాడు.

ఇంజనీరు కూడా తల అడ్డంగా ఊపాడు. తమ ఇంటి వెనక పెరట్లో బ్యాండికూట్లు ఉంటాయని, అవి గోడలు తొలిచే రకం కాదని, పైగా వాటిని కాపాడుకోవాలని కుక్కల్ని కట్టేసుకుంటామని చెప్పి, ఫోనులో ఉన్న ఫోటో చూపించాడు. పొడుగు మూతి, గోధుమరంగు ఒళ్లు, వెనక కాళ్ల మీద కూర్చుని ఉంది.

ఇది దాని సంగతి కాదని క్లర్కు చెప్పబోతుండగా, కమాన్‌పూర్ అతను చేయి చాచాడు. ఫోను అందుకుని వెలుతురు వైపు తిప్పి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. గది అంతా అతణ్నే చూస్తోంది.

"ఇది మంచి జంతువే సార్. దీని మూతి సన్నగున్నది. గింజలు కొరికే మూతి గాదు, పురుగులు ఏరుకునే మూతి. గోళ్లు జూడుండ్రి, మట్టి గోకుతది గానీ లోపట్కి సొరంగం దీయది. దొర పెరట్ల గడ్డిల చిన్న చిన్న గుంతలుంటయ్. ఇట్ల, పైన వెడల్పు, కింద సన్నం." వేళ్లు కూర్చి చూపించాడు. "ఉన్నయా లేవా అడుగుండ్రి."

క్లర్కు అడిగాడు. ఇంజనీరు కళ్లు పెద్దవయ్యాయి. ఉన్నాయన్నాడు. అచ్చం అలాంటివే, పొద్దున లేచేసరికి లాను నిండా, తన భార్య వాటి మీద రోజూ కోప్పడుతుందన్నాడు. ఇతను ఎప్పుడైనా మా దేశం వచ్చాడా అని అడిగాడు.

"నేను మంచిర్యాల దాటి పోలే," అన్నాడు అతను. "మన దాని పండ్లు వేరే సార్. ముందటి పండ్లు ఉలి లెక్కుంటయ్, పెరుగుతనే ఉంటయ్. కొరక్కపోతె దానికే కష్టం. పాత సున్నం గోడ దానికి లెక్క గాదు. నన్ను తీసేస్తె తీసేయుండ్రి. గానీ ఒక్కపారి ఆడ తవ్వి చూడుండ్రి."

ఇంజనీరే ముందు లేచాడు. ఆయన లేచాక మిగతావాళ్లకు లేవక తప్పలేదు.

ఫ్యాను హౌసు వెనక అతను నేల మీద కాలి బొటనవేలుతో గీత గీస్తూ పోయాడు, ఇక్కడ తవ్వండి, ఇక్కడ మలుపు తిరుగుతుంది, ఇక్కడ గూడు ఉంటుంది అంటూ. ఇద్దరు మనుషులు పారలు వేశారు. మలుపు ఉంది. గూడులో మెతుకులతో పాటు ఒక టిఫిన్ డబ్బా మూత కూడా దొరికింది. చివరకు ఇటుకల కాలువ గోడ బయటపడింది. కింది వరసలో సున్నం మొత్తం రాలిపోయి, ఒకచోట కాదు, ఆరేడు చోట్ల తలకాయ పట్టేంత కన్నాలు. ఇంజనీరు జేబులోంచి రుమాలు తీసి ఒక కన్నం దగ్గర పెట్టాడు. రుమాలు చేతిలోంచి జారి లోపలికి పోయింది. ఆయన ఖాళీ చేతిని చూసుకుంటూ నిలబడిపోయాడు.

ఇందాక నవ్విన అధికారి ఇప్పుడు నవ్వలేదు. "సరే, బొక్కలు నిజమే. కానీ గనిలో గాలి తగ్గిందని గడ్డి కోసేవానికి ఎట్ల తెలిసింది? పొగ పెట్టి చూడాలన్న ఆలోచన నీదేనా? ఎవరన్న చెప్పిండ్రా?" అని అడిగాడు.

అతను నేల వైపు చూశాడు. మళ్లీ అదే మాట చెప్పబోతున్నాడు, పెదవులు కదిలాయి.

"నేను చెప్పాను సార్," అన్నాను. "పొగ పెట్టమన్నది నేనే. పై వాళ్లకు చెప్పాలా అని అతను అడిగిండు. రేపు చెప్దామన్నది కూడా నేనే. ఆ రోజు ఇక్కడనే ఉండి నోరు మూసుకున్నది కూడా నేనే."

చెప్పాక నాకు తేలిక అనిపించిందని రాయాలని ఉంది. అలా ఏమీ అనిపించలేదు. సిగ్గేసింది. ఆ మాటకు నాలుగు రోజులు పట్టినందుకు, అది కూడా అతను గెలిచాక చెప్పినందుకు సిగ్గేసింది.

అతని సస్పెన్షన్ ఎత్తేశారు. ఆ రోజులకు కూడా మస్టర్లు వేశారు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. ప్రమోషన్ ఇంటర్వ్యూకు నా పేరు పోలేదు. ఓవర్‌మన్‌గానే రిటైరయ్యాను. దాని గురించి ఫికర్ లేదు, న్యాయంగా రావాల్సిందే వచ్చింది. పాత గోడ చుట్టూ కాంక్రీటు పోశారు. సద్ది పారబోయడానికి గేటు అవతల వేరే చోటు చూపించారు. పందికొక్కులు అక్కడికి మారాయి, ఎవరూ చంపలేదు. వారం తిరిగాక దూరపు ఫేసులో మీటరు పెడితే రెక్కలు గిర్రున తిరిగాయి. అక్కడివాళ్లు అంగీలు వేసుకుని ఉన్నారు. ఒకడు నా మీటరుకు దండం పెట్టాడు, ఎగతాళికే.

ఇంజనీరు తన దేశం పోయేముందు ఆఫీసుకొచ్చి, పందికొక్కు అన్న మాటను క్లర్కు చేత ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని పోయాడు. మూడుసార్లు పలికి చూశాడు, కొక్కు దగ్గర నాలుక తడబడింది.

కమాన్‌పూర్ అతను పర్మినెంటు అయిన నెలలో ఒక రోజు గేటు ముందు చాయ్ దుకాణంలో కలిశాడు. ఇద్దరమే ఉన్నాం. అన్నాళ్లుగా అడగాలనుకున్నది అడిగాను, ఆ రోజు మేనేజరు ముందు నా పేరు ఎందుకు చెప్పలేదని. నా మీద గౌరవమనో, పెద్దవాణ్నని జాలిపడ్డాననో అంటాడని అనుకున్నాను. ఏమో, అలా అంటే వినాలని కూడా ఉందేమో.

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"మీ పేరు చెప్తె మిమ్ముల గూడ పక్కకు పెడుతుండిరి సార్. మల్ల గా ఫేసుల గాలి లేదని అడిగెటోళ్లు ఎవరున్నరు? మా అన్న గాడనే పని చేస్తుండె. రోజు ఇంటికొచ్చి నెత్తి పట్టుకుని పండుతుండె. నా నౌకరి పోతె పోయింది, మీరు లోపలుంటె గాలి తెస్తరు అనుకున్న."

నేను సరేనని తల ఊపి, చాయ్ తాగేసి లేచాను. ఆ నాలుగు రోజులూ నేను గనిలోకి దిగలేదు. దూరపు ఫేసులో గాలి ఎంత ఉందో కొలవలేదు, ఎవరినీ అడగలేదు. ఆ సంగతి అతనికి ఇప్పటికీ చెప్పలేదు.